కోతకు క్యాష్‌లెస్, గోలీకి చేతులెత్తేయడం

బరువు తగ్గించే ఆపరేషన్ల ప్రకటనలు చూశారుగా? నాలుగు చిన్న గాట్లు, రెండు మూడు రోజుల ఆస్పత్రి, కొత్త జీవితం! జీవితం కొత్తదే. గోలీలూ జీవితాంతమే. ఆ రెండో ముక్కకు హోర్డింగ్ మీద చోటు చాల్లేదట, పాపం!

వీటిలో ఒకటైన స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయం ముప్పాతిక భాగం కోసి తీసేస్తారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టే పేగు మొదటి భాగానికి తిండే చేరదు. అందుకే బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్, థయమిన్ బతికున్నన్నాళ్లూ మింగాలి. ఇది వైద్య రహస్యమేమీ కాదు. మరి సంతకాలు పెట్టించుకునేటప్పుడు దీని గురించి ఎంతసేపు చెప్పారు? పెన్ను మూత తీసేలోపు!

డిశ్చార్జి చీటీలో ఒకే మాట: "మల్టీవిటమిన్ వాడండి." ఏది? ఎంత? ఆ వైద్యం మందుల షాపు కుర్రాడు చేస్తాడు. కాల్షియం అడిగితే కార్బొనేట్ గోలీ చేతిలో పెడతాడు. అది ఒంటికి సరిగా పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి. ఆమ్లం ఊరే చోటునే కదా బాబూ కోసి పారేసింది! సిట్రేట్ మేలని రాస్తే సర్జన్‌గారి సిరా అయిపోతుందా? ఐరన్‌కీ కాల్షియంకీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలని ఎవరు చెప్పాలి, వాచ్‌మనా?

ఇక రీల్స్ వైద్యులు. ఆపరేషనైన మూడు నుంచి ఆరు నెలల్లో చాలామందికి జుట్టు రాలుతుంది, తర్వాత మళ్లీ వస్తుంది. ఈలోగా దిగుతుంది బయోటిన్ గమ్మీ! స్ట్రాబెర్రీ రుచి, సినిమా నవ్వు. చాలా గమ్మీల్లో అసలు ఐరనే ఉండదు. పైగా బయోటిన్ మోతాదు మించితే రక్తపరీక్షలు తప్పుడు లెక్కలు చూపొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. రీల్‌లో చెప్పారా? చెబితే అమ్మేదెలా?

మామూలు మనిషికి రోజుకు బీ12 సుమారు 2 మైక్రోగ్రాములు చాలు. ఆపరేషనైనవాళ్లు నోటి ద్వారా తీసుకుంటే కనీసం 350 కావాలని అమెరికా బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జన్ల సంఘం 2016లో చెప్పింది. మామూలు మనిషి కోసం చేసిన డబ్బాను వీళ్లకు అంటగడుతున్నారు. డబ్బా మీద చిన్నక్షరాల్లో 'వైద్య అవసరాలకు కాదు' అని ఉంటుంది. అదొక్కటే నిజం!

బీమావారి ధర్మబుద్ధి వేరే లెవెలు. బీఎంఐ 40 దాటినా, 35 దాటి తీవ్రమైన జబ్బులున్నా ఆపరేషన్‌కు చెల్లిస్తారు. విటమిన్లా? ఆస్పత్రి క్లెయిమ్‌లో భాగంగా డాక్టరు రాస్తే తప్ప పైసా రాదు. లోటు జీవితాంతం, దయ డిశ్చార్జి దాకా!

ఆపరేషన్ తర్వాత ఆగకుండా వాంతులైతే థయమిన్ వారాల్లోనే అడుగంటుంది, మెదడుకే ముప్పు. బీ12 మాత్రం మహా ఓపికగలది. కాలేయంలోని నిల్వ ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది. అదీ కరిగిపోయి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యేసరికి ఫాలోఅప్ ఫోన్లు ఎప్పుడో ఆగిపోయుంటాయి. ఏం పర్లేదు, అదే ఆస్పత్రిలో న్యూరాలజీ కూడా ఉంది. ఓపీ చీటీ కొత్తది తీసుకోవాలి. ఫీజు వేరే.