అవ్వకూ ఇవ్వండి టీఏ, డీఏ

సర్కారు వారికి ఒక విన్నపం. పింఛను పెంచమని అడగడానికి రాలేదు, కంగారు పడకండి. ఆ మాట చెప్పడానికి ఎన్నికల ముందు మీరే మా గుమ్మంలోకి వస్తారు. నేనడిగేది చాలా చిన్న సంగతి. జిల్లా కేంద్రం నుంచి ఒక అధికారి మండలానికి వస్తే ఆయనకు ప్రయాణ భత్యం ఉంది, దినభత్యం ఉంది. అదే మండలాఫీసుకు "నేనింకా బతికే ఉన్నాను బాబూ" అని చెప్పుకోడానికి ఊరి నుంచి వచ్చే అవ్వకు ఏ భత్యమూ లేదు. ఇద్దరూ తిరుగుతున్నది సర్కారు పని మీదే కదా! అంచేత అవ్వకూ టీఏ, డీఏ మంజూరు చేయాలని ప్రార్థన.

అవ్వది సర్కారు పనెలా అవుతుందని అడగొచ్చు. పేదవాళ్లెవరో కనుక్కోవడం ఎవరి పని? ఆ పనిని ఇప్పుడు పేదవాళ్లకే అప్పగించారు. ఎవరి పేదరికాన్ని వాళ్లే వెతికి, సర్టిఫికెట్ తెచ్చి, జిరాక్స్ తీసి, పోర్టల్లో ఎక్కించి, అది ఎక్కిందో లేదో మళ్లీ వెళ్లి కనుక్కోవాలి. ఇంత చాకిరీకి జీతం లేదు సరే, ఆటో ఛార్జీ అయినా ఇవ్వరా?

పైగా ఆషామాషీ ఉద్యోగం కాదిది. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి ఆరు అంచెల వడపోత ఉంది. మాగాణి మూడెకరాలు దాటకూడదు, ఇంట్లో కారు ఉండకూడదు, నెలకు 300 యూనిట్ల కరెంటు కాలకూడదు, ఎవరూ ఆదాయపు పన్ను కట్టకూడదు, సర్కారు కొలువు చేయకూడదు, పట్నంలో పెద్ద ఇల్లు ఉండకూడదు. వినడానికి న్యాయంగానే ఉంది. చిక్కంతా కంప్యూటర్ లెక్కల్లో వస్తుంది. కొడుక్కి ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, వేరు కాపురం పెట్టాడు, తల్లికి ఫోనైనా చేయడు. అయినా ఒకే ఇంటివాళ్లెవరో రాసుకునే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో మాత్రం తల్లిని వదిలిపెట్టడు. ఈ దేశంలో ఉమ్మడి కుటుంబాన్ని ఇంత పట్టుదలగా కాపాడుతున్నది ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే.

తెలంగాణ ఇంకో మెట్టు పైన ఉంది. అక్కడ సమగ్ర వేదిక అని ఒకటి, రకరకాల శాఖల రికార్డులన్నీ కలిపి ఎవరు పేదో ఎవరు కాదో తేలుస్తుంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన మనిషికి అది ఏకంగా కారు కొనిపెట్టింది. అలాంటి పేరే ఉన్న మరొకాయనకు కారుంది, అంతే. కారు రాలేదు గానీ బియ్యం మాత్రం పోయింది. 2014 నుంచి 2019 దాకా తెలంగాణలో రద్దయిన రేషన్ కార్డులు 18 లక్షల పైచిలుకు. నోటీసైనా ఇవ్వకుండా తీసేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంటింటికీ వెళ్లి మళ్లీ చూడండని 2022 ఏప్రిల్లో కోర్టు చెబితే, మొదటి విడత పరిశీలనలోనే 15 వేలకు పైగా కుటుంబాలు నిజంగా పేదవేనని తేలింది. యంత్రం ఒక్క క్షణంలో కొట్టేసిన పేరును మళ్లీ రాయించుకోడానికి దేశంలోకెల్లా పెద్ద కోర్టు కావలసి వచ్చింది. ఆ మధ్య సంవత్సరాల్లో తిన్న అప్పు బియ్యానికి ఏ పద్దు కింద బిల్లు పెట్టుకోవాలో దయచేసి తెలుపగలరు.

ఇక వేలిముద్రల సంగతి. మిరపకాయలు కోసిన వేళ్లు, బీడీలు చుట్టిన వేళ్లు, రొయ్యలు ఒలిచిన వేళ్లు యంత్రానికి నచ్చవు. "వేలు నెత్తికి రాసుకుని మళ్లీ పెట్టమ్మా" అంటారు. నెత్తికి నూనె రాసుకునే స్తోమత ఉంటే వేలు ఆనుతుంది. లేకపోతే "రేపు రామ్మా, సర్వర్ డౌన్." కష్టపడి పనిచేసినందుకు గుర్తు చెరిగిపోయిన మనిషిని, నువ్వు నువ్వు కాదు పొమ్మనే యంత్రం ఇది. ఆధార్ గుర్తింపు కృష్ణా జిల్లాలో 5 శాతం, జార్ఖండ్‌లో 49 శాతం విఫలమవుతున్నట్టు అంచనాలున్నాయని 2016-17 ఆర్థిక సర్వేలో కేంద్రమే రాసుకుంది. జార్ఖండ్ పక్కన నిలబెడితే మనం ఫస్ట్ క్లాసులో పాసైనట్టే. నూటికి ఆ అయిదుగురూ ఆ పూట ఏం తిన్నారన్నది సిలబస్‌లో లేదు.

దివ్యాంగులకైతే శాతాల లెక్క. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం దగ్గర గీత ఉంది. 39 వచ్చిన వాడు ఆస్పత్రి మెట్లు ఎలా దిగాలో ఆ తగ్గిన ఒక్క శాతమే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో పింఛను తీసుకుంటున్న దివ్యాంగులకు మళ్లీ పరీక్షలు పెట్టారు. పోయిన చూపు తిరిగొచ్చి ఉండొచ్చు, తెగిన కాలు మొలిచి ఉండొచ్చు, సర్కారన్నాక ఆ మాత్రం ఆశ ఉండాలి. నోటీసులందుకున్న వాళ్లు రోడ్డెక్కాక అప్పీలు చేసుకోమన్నారు. అంటే ఇంకో ఆటో.

దొంగ సర్టిఫికెట్లు లేవా అంటే, ఉన్నాయి. చెవులు బాగా వినిపించే చెవిటివాళ్లు ప్రతి మండలంలోనూ దొరుకుతారు. వాళ్లను ఏరెయ్యాల్సిందే. కానీ గమ్మత్తు చూడండి, ఎన్ని జల్లెడలు పట్టినా దొంగవాడికి ఇబ్బంది లేదు. వాడికి బండి ఉంది, తెలిసిన నాయకుడున్నాడు, బ్రోకరున్నాడు. ఏ కాగితం ఎక్కడ పుట్టించాలో వాడికి కంఠతా వచ్చు. జల్లెడలో చిక్కేది కాగితం ఎక్కడ దొరుకుతుందో తెలియని అవ్వే.

ఇంటికొచ్చి ఇచ్చే పింఛను ఆగితే ఏమవుతుందో 2024 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్‌లో చూశాం. ఆ డబ్బు పంచే వాలంటీర్లను ఎన్నికల సంఘం పక్కన పెట్టమంది. ముసలీముతకా ఎండలో సచివాలయాలకు నడిచారు, కొందరిని మంచాల మీద మోసుకొచ్చారు. ఆ పాపం నీదంటే నీదని రెండు పక్షాలూ తిట్టుకున్నాయి. మే నెలలో చాలామందికి డబ్బు బ్యాంకులో వేశారు, ఈసారి బ్యాంకు ముందు నిలబడ్డారు. ఎండ మాత్రం పార్టీలకతీతంగా కాసింది.

ఇప్పుడు అవ్వగారి టీఏ బిల్లు సమర్పిస్తున్నాను. ఆటో, రానూపోనూ. జిరాక్సులు, రెండు సెట్లు, ఒకటి వాళ్లు పారేసుకుంటారు గనక. ఫొటోలు. తోడొచ్చిన మనవడి ఒకరోజు కూలి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌బుక్కులో వెనక ఉన్నందుకు సవరణ ఖర్చు. పుట్టిన తేదీ తెలియనందుకు అవ్వకు జనవరి 1 అని రాసి పెట్టారు, దానికి మాత్రం ఛార్జీ వేయడం లేదు, పుట్టినరోజు కానుక అనుకోండి. ఆఫీసు సీట్లో ఉన్న పిల్ల కన్నీళ్లకు కూడా ఏదైనా వేయాలి. పైనుంచి టార్గెట్, కిందనుంచి తిట్లు, మధ్యలో ఆమెకు తెలిసింది "సిస్టమ్ తీసుకోవట్లేదు" అన్న మాటొక్కటే.

ఇంత బిల్లా అని ఆర్థికశాఖ గుండెలు బాదుకోవచ్చు. కేంద్రం తన వాటాగా 80 ఏళ్ల లోపు వృద్ధులకు నెలకిచ్చేది 200 రూపాయలు. 2007లో ఆ పథకానికి ఇందిరాగాంధీ పేరు పెట్టినప్పుడూ 200, ఇప్పుడూ 200. మండలానికి ఒకసారి వెళ్లొస్తే ఆ నెల కేంద్రం వాటా చెల్లు.

పేదవాడి సమయానికి సర్కారు ఎప్పుడూ ధర కట్టలేదని అనకూడదు, కట్టింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూలి ఆలస్యమైతే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని పెట్టారు. వెయ్యి రూపాయల కూలికి రోజుకు 50 పైసలు. ఆ బిళ్ల ఇప్పుడు బిచ్చగాడు కూడా తీసుకోడు.

అయినా ఆ లెక్క వెనకున్న ఆలోచన మంచిదే. ఊరికే దొరికేదాన్ని ఎవరూ పొదుపుగా వాడరు. అవ్వ రోజు, మనవడి కూలి సర్కారుకు ఊరికే దొరుకుతున్నాయి గనకే "రేపు రా" అనడం అంత సులువు. ఒక్కో "రేపు రా"కు ఒకరోజు కూలి, ఆటో ఛార్జీ ఆ శాఖ బడ్జెట్‌లోంచి కోసి చూడండి. సర్వర్లు తెల్లారేసరికి లేచి కూర్చుంటాయి, పాత సర్టిఫికెట్లు చెల్లుతాయి, అవ్వ బతికే ఉందన్న సంగతి అవ్వను పిలవకుండానే అందరికీ తెలిసిపోతుంది.