కిలోమీటర్లే అర్హతైతే కుక్కకెందుకివ్వరు టికెట్?

తెలుగునాట ముఖ్యమంత్రి పీఠం మీద కన్నేసినవారికి చదువు, అనుభవం, పాలనాదక్షత ఉన్నా సరే, లేకపోయినా సరే. అరికాళ్ళకు బొబ్బలు మాత్రం ఉండి తీరాలి. 2003 మండుటెండల్లో వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా 1,500 కిలోమీటర్లకు కాస్త తక్కువగా నడిచి మరుసటేడు గద్దెనెక్కారు. అప్పట్నించీ ఈ అంకె వేలంపాటలా పెరుగుతూ వచ్చింది. షర్మిల 3,112 కిలోమీటర్లు నడిచారు, జగన్ 3,648. నాలుగు వేలు నడుస్తానని కుప్పంలో బయలుదేరిన లోకేశ్ 3,132 దగ్గర ముగించారు. జగన్ వెయ్యో కిలోమీటరు పడింది మన నెల్లూరు జిల్లా సైదాపురంలోనే. అక్కడ పైలాన్ కూడా వెలిసింది. నడిచినంత దూరం జనం మీద ప్రేమ ఉన్నట్టేనని పార్టీలన్నీ ఒప్పేసుకున్నాయి. మిగతా విషయాల్లో ఒకరి నీడ ఒకరికి గిట్టని పార్టీలకు ఈ ఒక్క సూత్రం దగ్గర మాత్రం ఎంత ఐకమత్యమో!

సరే, ఆ సూత్రాన్నే పట్టుకుందాం. 2019 అక్టోబరు 31న తిరుమల నుంచి పదమూడుమంది అయ్యప్ప స్వాములు కాలినడకన శబరిమలకు బయలుదేరారు. దారిలో ఓ వీధికుక్క వాళ్ళ వెంట పడింది. చిక్కమగళూరు జిల్లా కొట్టిగెహార చేరేసరికి ఆ బృందం 480 కిలోమీటర్లు నడిచిందని పత్రికలు రాశాయి. కుక్కకు బూట్లు లేవు, వెనకాల అంబులెన్సు లేదు, రాత్రి పడుకోవడానికి ఏసీ బస్సు లేదు, ఊరి మొదట్లో ఫ్లెక్సీ లేదు. కిలోమీటర్లే అర్హతైతే దానికి కనీసం ఎమ్మెల్సీ అయినా ఇవ్వాలి. శునకాన్ని సింహాసనం ఎక్కించొద్దని సుమతీ శతకం హెచ్చరించిందనేవారికి ఒకటే మనవి: ఆ హెచ్చరిక గుణం గురించి. గుణం సంగతి వదిలేసి దూరం కొలవడం మొదలెట్టింది మనమే.

నాయకుల యాత్రల మీద ప్రత్యర్థులు చేసే ఎగతాళి ఒకటుంది: అది ఏకబిగిన నడిచింది కాదు, విడతలవారీ నడక అని. శుక్రవారం వస్తే ఒకరికి కోర్టు, ఇంకొకరికి మోకాలి గాయం, మరొకరికి తండ్రి అరెస్టు. ఇది పసలేని వాదన. అమెరికాలో 3,500 కిలోమీటర్లు దాటిన అప్పలాచియన్ బాటను ఒకే ఏడు నడిచినా, ముప్పై ఏళ్ళపాటు ముక్కలు ముక్కలుగా నడిచినా ఇచ్చే గుర్తింపు ఒకటే. నడిచానని ఎవరికి వారు చెబితే నమ్ముతారు. అయితే బాటంతా పూర్తిచేసినవాడికి అక్కడిచ్చేది నడిచావన్న గుర్తింపు మాత్రమే. రాష్ట్రాన్ని రాసివ్వరు. విడతలుగా నడవడం తప్పు కాదు. నడకను పాలనకు డిగ్రీగా చూపించడమే తప్పు.

నడిస్తేనే కదా జనం కష్టం తెలిసేది అంటారు అభిమానులు. నిజమే, కాదనలేం. కరవు పల్లెల్లో నడిచొచ్చిన రాజశేఖరరెడ్డి 2004లో ప్రమాణస్వీకారం రోజే రైతుకు ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టారు. ఆ సంతకం విలువ 1,500తో వచ్చిందా, విన్న మాటతో వచ్చిందా? అల్లూరు లాంటి తీరపు మండలాన్నే తీసుకోండి. కాలువ చివరి పొలానికి నీళ్ళెప్పుడొస్తాయో తెలియని రైతు, రొయ్యల గుంట మీద అప్పు తెచ్చి ధర పడిపోతే దిక్కులు చూసేవాడు, ఇసకపల్లి ఒడ్డున వలలు బాగుచేసుకునే మత్స్యకారుడు, అందరూ ఇక్కడే ఉన్నారు. కానీ యాత్ర వచ్చేది రోడ్డు మీద, రోప్ పార్టీ మధ్యన. క్రేన్‌కు వేలాడే గజమాల, పైన డ్రోన్, చెవులు చిల్లులుపడే డప్పులు. తాడు మీదుగా ఓ ముసలామె చెయ్యి చాపి అర్జీ ఇస్తుంది. అది నాయకుడి చేతిలోంచి పక్కనున్న పీఏ చేతికి, అక్కడ్నించి వ్యాన్‌లో సంచిలోకి పోతుంది. ఆ పూట ఎన్ని కిలోమీటర్లు నడిచారో సాయంత్రానికల్లా బులెటిన్‌లో వస్తుంది; సంచి ఎటుపోయిందో ఏ బులెటిన్‌లోనూ రాదు.

కుక్కదేముంది, తిండి దొరుకుతుందని వెంటపడుతుంది, దాన్ని నాయకులతో పోలుస్తారా అని కోప్పడేవారు ఒకసారి యాత్ర వెనక వరసల్ని చూడాలి. టికెట్టు ఆశ లేకుండా వందల కిలోమీటర్లు నడిచినవారు ఎందరు తేలుతారో లెక్కపెట్టాలి. ఆ పైన మన నెల్లూరి తిక్కన గారిని అడగాలి. ఆయన తెలుగు చేసిన మహాప్రస్థానిక పర్వంలో భార్య, తమ్ముళ్ళు దారిలోనే కూలిపోతారు, ధర్మరాజుకు చివరిదాకా తోడొచ్చింది కుక్కే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమంటాడు. ధర్మరాజు ఎక్కనంటాడు. ఎంతదూరం నడిచావని అక్కడ ఎవరూ అడగలేదు. వెంట వచ్చినదాన్ని వాహనం రాగానే వదిలేస్తావా అన్నదే పరీక్ష. మన నాయకులు ఆ పరీక్ష రాయాల్సింది ఇచ్ఛాపురంలో కాదు, గెలిచాక కాన్వాయ్ తలుపు తెరుచుకున్నప్పుడు.

కాబట్టి పైలాన్‌లు కట్టుకోండి, అడ్డు చెప్పం. కాకపోతే కిలోమీటర్ల కింద ఇంకో రెండు అంకెలు చెక్కించండి: అందుకున్న అర్జీలెన్ని, తీర్చినవెన్ని. మూడో అంకె చెక్కించే దమ్మున్న నాయకుడు అల్లూరు బస్టాండు నుంచి పక్క వీధి దాకా నడిచినా ఓటేస్తాం. అది లేనివారు ఇచ్ఛాపురం దాటి కోల్‌కతా దాకా వెళ్ళొచ్చు, ఆరోగ్యానికి మంచిదే.