తాళం భద్రం, చెవి బహిరంగం

జావా ప్రాజెక్టులు బిల్డ్ చేసే మావెన్ 3లో సర్వర్ పాస్‌వర్డును సెట్టింగ్స్ ఫైల్లో బాహాటంగా రాయనక్కర్లేదు. ఎన్‌క్రిప్ట్ చేసి రాసుకోవచ్చు. దాన్ని విప్పడానికో మాస్టర్ పాస్‌వర్డు. అదెక్కడుంటుంది? పక్క ఫైల్లోనే. కంగారొద్దు, దాన్నీ ఎన్‌క్రిప్ట్ చేశారు. ఏ మాటతో? ‘సెట్టింగ్స్.సెక్యూరిటీ’ అని సోర్సు కోడులో లోకమంతా చదువుకునేలా రాసిపెట్టిన మాటతో!

పోనీ, ఆ రెండో ఫైలును యూఎస్‌బీ డ్రైవులో దాచుకునే దారి మాన్యువల్లోనే ఉంది. మనిషైతే పనయ్యాక పీకి జేబులో వేసుకుంటాడు. అర్ధరాత్రి తనంతట తానే బిల్డ్ చేసే సర్వరుకు జేబెక్కడిది?

ఆడిటర్ మాత్రం ఫైలు తెరిచి, ఒక్క ముక్కా అర్థంకాక, ‘సురక్షితం’ అని టిక్కు పెట్టేస్తాడు. దొంగకు ఆ ఇబ్బంది లేదు. వాడు మాన్యువల్ చదువుతాడు.