అంకితభావం

ఆ ఆఫీసులో కొత్త వెబ్ అప్లికేషన్ వచ్చినప్పుడు, 15 నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే లాగవుట్ అయ్యేలా పెట్టారు. మనం ఏమీ మార్చకపోతే టామ్‌క్యాట్ సర్వరు 30 నిమిషాలిస్తుంది. డబ్బు వ్యవహారం కదా అని సగానికి కోశారు. మంచి పనే.

తర్వాత పెద్దసారుకి స్క్రీన్ మూల గంట బొమ్మ కావాలనిపించింది. కొత్త ఫైలొస్తే దానిమీద ఎర్రచుక్క పడాలి. ప్రోగ్రామరు కుర్రాడు పెట్టేశాడు. ఎవరూ నొక్కకుండానే, పేజీ 30 సెకన్లకోసారి సర్వరు దగ్గరికెళ్లి "ఏమైనా వచ్చిందా?" అని కనుక్కుంటుంది. అడిగింది మనిషో, పేజీయో సర్వరుకేం తెలుసు? అడిగిన ప్రతిసారీ 15 నిమిషాల లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

కుర్రాడు దాచలేదు. "సార్, గంట బొమ్మ అడిగేవి లెక్కలోకి రాకుండా వేరు చెయ్యాలి. ఎంత వాడుతున్నా లాగినైన 8 గంటలకి బయటికి పంపేసే గడువు కూడా పెట్టాలి. రెండ్రోజుల పని."

"లాగవుట్ అయిపోతోందని ఇప్పుడెవరూ గొడవ చెయ్యట్లేదుగా బాబూ? వదిలెయ్."

నిజమే, జనం సుఖపడ్డారు. సాయంత్రం వెళ్తూ మానిటరొక్కటే ఆపడం అక్కడి అలవాటు. సీపీయూ బల్లకింద దుమ్ములో గుయ్‌మంటూనే ఉంటుంది, పేజీ అడుగుతూనే ఉంటుంది.

ఇంతలో హెడ్డాఫీసుకి నెలనెలా ఉత్తమ ఉద్యోగిని ఎంచాలన్న బుద్ధి పుట్టింది. ఎవరెంతసేపు లాగినై ఉన్నారో రిపోర్టు తీశారు. (పని కొలవడానికి ఇంతకంటే సులువైన దారి దొరకదు మరి.) ఫోనొచ్చింది.

"మీ హెడ్‌క్లర్కుగారు నెలంతా ఒక్క నిమిషం సీటు వదల్లేదండీ! ఆదివారాలు కూడా! అవార్డు ఆయనకే. శాలువా తెప్పించండి."

"ఆయన పోయిన నెలాఖరున రిటైరయ్యారు సార్. సీటింకా ఖాళీగానే ఉంది."

"మరి ఐడీ ఆపలేదా?"

"ఆపాం సార్. ఆపితే కొత్తగా లాగిన్ కానివ్వదంతే. ముందే లోపలున్నవాళ్లని ఏమీ అనదు."

అవతల కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు.

"సరే, రెండో పేరున్నావిడకి ఇచ్చేద్దాం."

"ఆవిడ ప్రసూతి సెలవులో ఉన్నారు సార్."