సూది పట్టిన సూత్రధారి

ఏబదియేండ్ల క్రిందట కళాశాల వార్షికోత్సవమున నేను ధరించిన కృష్ణవేషము, నాలుగవ పద్యము నడుమ కిరీటము జారి ముక్కుమీదికి దిగుటతో ముగిసినదన్న సంగతి మా బంధువర్గములో అందఱికిని తెలిసినదే ఐనను, దానిని నాటకానుభవముగా పరిగణించి నన్నొక పదవికి అర్హునిగా ఎంచిన మహానుభావురాలు మా మేనకోడలు ఒక్కతెయే.

"మావయ్యా, మా కన్వెన్షన్‌లో కాస్ప్లే పోటీ ఉంది. నువ్వు కాస్త చూసుకోవాలి" అన్నది.

చూచుటయే కదా అనుకొన్నాను. చూచుటకును చూచుకొనుటకును గల భేదము, ముప్పదియేండ్లు తెలుగు పాఠము చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్న పిదప నాకు తెలియవలసి యుండినది.

తెలుగుదేశమున అభిమాని యన్నచో ఒక స్థిరమైన రూపము మనసునకు తోచును. అతడు విడుదలనాటి వేకువన కటౌటునకు పాలు పోయును, దండ వేయును, కాగితములు చింపి తెరమీదికి విసరును. ఈ కన్వెన్షను అభిమాని దారి వేఱు. అతడు ఆఱు నెలలు చేతిఖర్చు మిగిల్చి, జిమ్ములో నేలపై పఱచు ఫోమ్ చాపలు కొని, తల్లి వంటింటిలో లేని సమయము చూచి పొయ్యిమీద వాటిని కాచి వంచి, గ్లూగన్నుతో అతికి, రంగు పూసి, తుదకు తానే కటౌటై నిలుచును. కామిక్కులు, జపాను కార్టూనులు, వీడియో గేములు, వీటిలోని వీరులందఱును హైదరాబాదు శివారులోని ఒక ప్రదర్శనశాలకు ఒక శనివారమునాడు ఆటోలలోను మెట్రోలోను దిగివచ్చిరి. పోటీకి పేరిచ్చినవారు 42 మంది.

ఇది నిన్నమొన్నటి వ్యసనమని నేను భ్రమపడితిని. మేనకోడలు ఇచ్చిన కాగితములు తిరుగవేయగా, 1939లో న్యూయార్కున జరిగిన మొదటి ప్రపంచ సైన్సు ఫిక్షను సమ్మేళనమునకు ఫారెస్ట్ ఆకర్మన్, మర్టిల్ డగ్లస్ అను ఇద్దఱు అభిమానులు భవిష్యత్కాలపు దుస్తులు ధరించి వెళ్ళిరనియు, ఆ దుస్తులు కుట్టినది ఆమె కాగా కీర్తి చాలకాలము ఆయనకే దక్కెననియు, మఱుసటి యేడు చికాగోలో వేషములకు పోటీయే వెలసెననియు తెలిసినది. కుట్టినవారొకరు, పేరు పొందినవారొకరు అన్న భాగము మన నాటకసమాజములకు మిక్కిలి దగ్గఱిదిగా ఉండుటచే నాకు కొంత ధైర్యము చిక్కెను. కాస్ప్లే యను పదమును పుట్టించినవాడు నొబుయుకి తకహాషి అను జపాను పాత్రికేయుడు. రెండు ఆంగ్లపదముల తోకలు తెగగొట్టి మొండెములను అతికిన ఆ సంధికి చిన్నయసూరి సూత్ర మేదియు వర్తింపదు.

నియమావళిలో ఆహారపదార్థములు ఒంటికి పూసికొనరాదని ఒక వాక్యము కనబడినది. తినవలసినదానిని పూసికొనువా డెవడని నవ్వితిని గాని, ఆ నియమమునకు ఒక పూర్వకథ గలదు. 1972లో లాస్ ఏంజిలిస్ సమ్మేళనమున ఒక యువకుడు ఒడలెల్ల వేరుసెనగ వెన్న పట్టించుకొని పోటీకి రాగా, గంటలు గడచినకొలది దీపముల వేడికి అది కరగి, వాసన కొట్టి, ప్రక్కనున్నవారి వేషములకెల్ల అంటుకొన్నదట. ఆ ఒక్క పుణ్యాత్ముని మూలమున నేటికిని నావంటివారు ప్రపంచమంతట వేషగాండ్ర మోచేతులు వాసన చూచుచున్నారు. తక్కిన నియమములు సులభముగా అర్థమగునవే: నిప్పు కూడదు, నీరు కూడదు, పదునైన కత్తి కూడదు, వేదికమీద 60 సెకనులకు మించి నిలువరాదు.

వేదికమీది 60 సెకనుల సంగతి ప్రేక్షకులెఱుగుదురు. దాని వెనుక గ్రీన్‌రూములోని ఆఱు గంటల సంగతి చెప్పెదను. ఉదయము పదిగంటలకు నేను ఇస్త్రీచేసిన లాల్చీ తొడిగి, జేబులో కలము పెట్టుకొని, అధ్యక్షునివలె లోపలికి అడుగిడితిని. పదిన్నరకు నా నోట ఏడు పిన్నీసులుండెను. ఒక అమ్మాయి వీపున జిప్పు తెగినది. ఒకని నడుముకట్టు ఊడినది. ఒక రాక్షసుని కొమ్ము విఱిగి, వాడు పైకి భయంకరాకారుడై లోపల పసివానివలె ఏడ్చుచుండెను. కొమ్మునకు జిగురు పెట్టి, ఆఱునంతవఱకు నేనే దానిని పట్టుకొని నిలిచితిని. సూత్రధారి యన్న పదమునకు ఎన్ని వ్యాఖ్యానములు తరగతిలో చెప్పితినో! సూత్రమనగా దారము, ధారి యనగా పట్టుకొన్నవాడు, అంతకుమించి అందులో ఏమియు లేదని ఆనాడు, సూదిలోనికి దారము ఎక్కక కండ్లజోడు సవరించుకొనుచున్నప్పుడు, బోధపడినది.

అన్నిటికంటె పెద్ద చిక్కు రెక్కలవాడు తెచ్చిపెట్టినాడు. ఇంజనీరింగు మూడవ సంవత్సరము చదువు ఆ కుఱ్ఱవాడు పీవీసీ గొట్టములతోను పాత గొడుగు ఊచలతోను ఎనిమిదడుగుల రెక్కలు నిర్మించుకొని, ట్రాలీ ఆటోలో నిలుచుండి వచ్చినాడు. గ్రీన్‌రూము తలుపు వెడల్పు మూడడుగులు. వామనునకు మూడడుగులు చాలినవి గాని వీనికి చాలలేదు. అడ్డముగా త్రిప్పి చూచితిమి, వంచి చూచితిమి, వెనుకకు నడిపించి చూచితిమి. గేటు కాపలావాడు వచ్చి, "సార్, సోఫాలను ఎట్ల తెస్తమో అట్ల తేవాలె" అని, కుఱ్ఱవానిని ఒక ప్రక్కకు ఒరగబెట్టి, ముందొక రెక్క, పిదప మనిషి, ఆపై రెండవ రెక్క, ఈ వరుసను లోనికి పంపినాడు. ఆ ఇంజనీరింగు విద్యార్థి వానికి నమస్కరించినాడు. అటుతరువాత వాడు సాయంకాలమువఱకు కూర్చుండలేదు. రెక్కలతో కూర్చుండుటకు తగిన కుర్చీని మానవుడు ఇంకను కనిపెట్టలేదు. శిరస్త్రాణము తీయలేని మఱియొకనికి స్ట్రాతో మజ్జిగ పట్టించితిమి. కవచము తొడుగుటకు నలుబది నిమిషములు పట్టినవారు మూత్రశాల దారి అడిగినప్పుడు వారి ముఖములలో తోచిన దైన్యమును నేను వర్ణింపను.

ఇన్నిటి నడుమ నాకు భరతముని మాటిమాటికి జ్ఞప్తికి వచ్చుచుండెను. రంగస్థలముపై ఆభరణములు, ఆయుధములు బరువైనవి కారాదనియు, బరువైనచో నటుడు అలసి సొమ్మసిల్లుననియు, కావున లక్క, వెదురు, తోలు, గుడ్డ మొదలైన తేలిక వస్తువులతో చేయవలెననియు ఆయన ఆహార్యాభినయమున చెప్పియున్నాడు. జిమ్ము చాప ఆయనకు దొరకలేదు గాని, దొరికినచో దానికొక శ్లోకము తప్పక దక్కెడిది. నాట్యమును తీర్పు తీర్చుటకు ప్రాశ్నికులను నియమింపవలెనని చెప్పి, ఆ జాబితాలో యజ్ఞవేత్త మొదలు వేశ్య వఱకు చేర్చి, ఎవరెవరికి తెలిసిన విషయమున వారే తీర్పు చెప్పవలెనన్నాడు. కిరీటము జారిపడుట ఏ తరగతి దోషమో కూడ అందులో ఉన్నది. ఏబదియేండ్ల క్రిందట ఆ భాగము చదివియుంటినా, ఇంకొక పిన్నీసు పెట్టుకొని యుందును.

మా ప్రాశ్నికులు ముగ్గురు. సినిమాలకు దుస్తులు కుట్టించు ఒక ఆమె ప్రతి వేషమును లోపలివైపు త్రిప్పి కుట్టు చూచును. గేములకు బొమ్మలు గీయు యువకుడొకడు కండ్లు చిట్లించి, "భుజం మీద నీలం కాదు, ఊదా ఉండాలి" అనును. గతమున తానును బహుమతి గెలిచిన మూడవవాడు జిగురు దారములు లెక్కపెట్టును. ముగ్గురును ముచ్చటగా కలహించుకొనుచుండగా, ఆయుధములు తనిఖీచేయు బల్లయొద్దనుండి నాకు పిలుపు వచ్చినది.

అచ్చట నిలిచినవాడు తుపాకి రాముడు. మీరెఱిగిన పిట్టలదొరయే: అతుకులమీద అతుకులు పడిన ఖాకీ దుస్తులు, వెలసిన టోపీ, కాటుక మీసము, భుజమున కట్టెతుపాకి. బల్లయొద్దనున్న పిల్లవాడు ఆ తుపాకిని అటునిటు త్రిప్పి, ఎఱ్ఱచీటి కట్టి, "అన్నా, ఇది ఏ సిరీస్‌లోది?" అని అడిగినాడు.

"మా తాతది" అన్నాడు ఆ యువకుడు.

దరఖాస్తుతోపాటు పాత్ర యొక్క అసలు బొమ్మను జతచేయవలెనని నియమము. అతడు జతచేసినది, ఏదో జాతరలో ఆ దుస్తులతోనే, ఆ టోపీతోనే నిలిచిన ఒక వృద్ధుని నలుపు తెలుపు ఫోటో. అంతవఱకు ఆ వేషములలో నేను గుర్తుపట్టగలిగిన పాత్ర ఇది యొక్కటియే అగుటచే, నాకు కలిగిన ఆనందము న్యాయాధికారికి తగినది కాదు. న్యాయనిర్ణేత్రి ఆ చొక్కాను లోపలివైపు త్రిప్పి, చాలసేపు చూచి, "ఈ కుట్టు నీది కాదు కదూ?" అన్నది. కాదన్నాడు. అవి తాతగారు స్వయముగా వేసికొన్న అతుకులు. మనుమడు చేసినది తుపాకి మాత్రమే. వేషము పోటీదారుడే తయారుచేసినదై యుండవలెనని నియమము. బహుమతికి పనికిరాదు, వేదిక యెక్కవచ్చును అని తీర్మానించితిమి.

అతడు ఎక్కినాడు. "హైటెక్ సిటీ మొత్తం మా మామ నాకు కట్నం కింద రాసిచ్చిండు, స్టాంపు కాగితానికి పది రూపాయలు తక్కువై ఆగిన" అని మొదలుపెట్టినాడు. రాక్షసులు నవ్విరి, యంత్రమానవులు నవ్విరి, రెక్కలవాడు తెర ప్రక్కన నవ్వుచు ఒక గొడుగు ఊచ విఱుగగొట్టుకొనెను. 60 సెకనులకు గంట కొట్టవలసినవాడను నేను. గంట నా చేతిలోనే యుండినది. గడియారము 3 నిమిషముల 40 సెకనులు చూపినప్పుడు మేనకోడలు వచ్చి దానిని నా చేతినుండి తీసికొన్నది.

ప్రథమ బహుమతి జిమ్ము చాపల కవచము ధరించిన ఒక అమ్మాయికి వచ్చినది. ఆమె వంగలేకపోవుటచే ముఖ్యఅతిథియే ఒక స్టూలు ఎక్కి పతకము వేసినాడు. కాలనియమమును ఒకరికి సడలించి తక్కినవారికి బిగించితినని నాపై వ్రాతపూర్వకముగా రెండు ఫిర్యాదులు వచ్చినవి. రెండును న్యాయమైనవే.

వచ్చే యేడును నేనే చూచుకొనవలెనట. కావున ఈ వ్యాసము చదువు వేషధారులకు నా విన్నపము: పిన్నీసులు మీరే తెచ్చుకొనుడు, మజ్జిగ మేమిచ్చెదము. రెక్కలు పెట్టుకొనువారు అవి మడుచుకొనునట్లు చేసికొని రండు. తలుపు వెడల్పు ఇంకను మూడడుగులే.