కోడెమొక్కు, వలసమొక్కు

హైదరాబాదున కొలువు చేయుచున్న మా మేనల్లుడు, వేములవాడలో కూర్చున్న నన్ను ఫోనులోనే పీడించుచున్నాడు. "మామా, ఇంక ఆ ఎక్స్‌లనే ఉన్నవా? మాస్టడాన్‌కు రా, ఆడ ఎవని పెత్తనం లేదు!" పెత్తనము లేకుండుట మంచిదే, కాని యూజెన్ రోచ్కో అను జర్మనీవాసి 2016లో ఆరంభించిన ఆ మాస్టడాను అను సామాజిక మాధ్యమమున కాలిడినంతనే, ఏ సర్వరున చేరెదవని ప్రశ్న. సర్వర్లు వేలకొలది; ఒక్కొక్క దానికొక యజమాని, ఒక నియమావళి. ఎచ్చట చేరినను అందరితోను ముచ్చటింపవచ్చునట. అట్లయిన నన్నేల అడుగుట?

ఈ వలస నేటిది కాదు. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టరు (నేటి ఎక్స్) ఖాతాను నిలిపివేయగా, 2019 నవంబరులో మనవారనేకులు కోపించి మాస్టడానునకు తరలిరి. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టరును కొనగా మరల వలస, మరల ప్రతిజ్ఞలు.

మా వేములవాడ రాజన్న సన్నిధిని కోడెమొక్కు చూచినవారికి ఇందలి మర్మము బోధపడును. భక్తుడు టిక్కెట్టు కొని, కోడెను పట్టుకొని ప్రదక్షిణము చేసి, కట్టివేసి, దండము పెట్టి పోవును. మరుక్షణమే ఆ కోడెనే మరియొకడు విప్పుకొనును. సంతానము కోరువాడు, వ్యాజ్యము గెలువగోరువాడు, ఎవడు పలుపు పట్టినను ఆ కోడె నెమరు మానదు. దారిలో అరటితొక్క కనబడెనా, ఇక కదలదు. తోక మెలిపెట్టిన అపచారమని భయము, మెలిపెట్టకున్న వెనుక వరుసవారి కేకలు. పూజారి చూపు భక్తునిపై, భక్తుని చూపు కోడెపై, కోడె చూపు తొక్కపై. ఇంతకును చెప్పవచ్చినదేమనగా, ట్విట్టరును వీడుదుమను ప్రతిజ్ఞయు అట్టి కోడెయే: కట్టినవాడు తిరిగి తన యింటికే, అనగా ట్విట్టరునకే, పోవును. మా మేనల్లుడు "ఎక్స్‌ను విడుచుచున్నాను" అని ఎక్స్‌లోనే చాటి, ఎన్ని లైకులు వచ్చెనో చూచుటకు దినమెల్ల అచ్చటనే పడియుండెను.

పరిహాసమటుంచి, 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ అను సామాజిక మాధ్యమము మూతపడిననాడు, అందులో నా బాల్యమిత్రుడు నన్నుగూర్చి వ్రాసిన నాలుగు వాక్యములును మాయమయ్యెను. పిదప అతడును పోయెను. ఆ వాక్యములను నేను వేరుగా వ్రాసియుంచుకొనలేదు. అంత పెద్ద కంపెనీ ఎక్కడికి పోవునని ధీమా. మాస్టడానులోను అంతే: ఒక సర్వరు నుండి మరియొక దానికి మారిన, అనుచరులు వెంట వత్తురు గాని వ్రాతలు రావు.

పాఠకమహాశయులారా, మీరే సర్వరునకు తరలినను నాకభ్యంతరము లేదు. పోవుటకు ముందు మీ ఆప్తులు వ్రాసిన మాటలను ఒక కాగితముమీదికి ఎత్తి వ్రాసికొనుడు.