ముస్తఫాకు ఒంట్లో బాగాలేదు

ముస్తఫా వస్తాడు. టోపీ కనిపిస్తుంది, ఎగిరి ఒక తన్ను తంతాడు. అంతే. తెరంతా రంగురంగుల గళ్లు పడి, ఆట మళ్లీ మొదటికొస్తుంది. దసరా ముందు నుంచీ ఇదే వరస. ఇంటి ముందు రోడ్డు మీద లారీ పోతే తన్ను కూడా ఉండదు, టోపీ దగ్గరే సమాప్తం.

ఈ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అట. 1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ చేసింది. మార్క్ షుల్ట్జ్ అనే అమెరికా ఆయన గీసిన కామిక్ దీనికి మూలం. గోదావరిఖనిలో ఈ వివరాలతో ఎవరికీ పని పడలేదు. రూపాయి బిళ్ల పిడికిట్లో పట్టుకుని వీడియో గేమ్ షాపుకు పరుగెత్తిన వాళ్లందరికీ అది ‘ముస్తఫా గేమ్’. కథానాయకుడు జాక్ అనే సంగతి నాకు మొన్నమొన్ననే తెలిసింది. పాపం జాక్.

షాపు మూతపడ్డాక చేతులు మారీ మారీ ఆ ఆట నడిచే సర్క్యూట్ బోర్డు నాకు చేరింది. ఒరిజినల్ అయితే ఇంత గొడవ ఉండేది కాదు. దాంట్లో క్యాప్‌కామ్ వాళ్లు బ్యాటరీ పెట్టారు. అది దిగిపోతే లోపల రాసిపెట్టిన రహస్యపు తాళంచెవి చెరిగిపోయి బోర్డు పని మానేస్తుంది. ఒక దండం పెట్టి అటకెక్కించెయ్యొచ్చు. నాది కాపీ బోర్డు. బ్యాటరీ లేదు, తాళం లేదు, కాబట్టి చావూ లేదు. అలాగని బతకదు.

చెయ్యాల్సినవన్నీ చేశాను. జామా కనెక్టరు 56 పిన్నుల్నీ పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. సప్లై దగ్గర 5 వోల్టులు చూపించిన మీటరు, బోర్డు దగ్గర 4.6 చూపించింది. మిగతాది దారిలో పాత వైర్లు మింగేశాయి. జీతం ఇంటికి చేరేలోపు కరిగిపోవడం తెలిసినవాణ్నే గనక ఆశ్చర్యపోకుండా వైర్లు మార్చాను. 5 వచ్చింది. 64 కాళ్ల మోటరోలా 68000 ప్రాసెసర్‌కు లాజిక్ ప్రోబ్ ఆనిస్తే అది నిక్షేపంగా ఉంది. అందరూ బాగానే ఉన్నారు, ఆట మాత్రం నడవదు.

ఈలోగా వాడకట్టుకు కబురు పొక్కింది. సింగరేణి బొగ్గుబాయిల ఊళ్లో రిటైరైన మనిషి ఖాళీగా ఉండడు. ఎవరింట్లో ఏది ఖరాబవుతుందా అని చెవులు రిక్కించుకుని ఉంటాడు. పంపు ఆపరేటరుగా చేసిన మామ వచ్చి, “నీళ్లు దిగినయ్ రా, ఎక్కడ్నో ఊట ఉంది” అని తేల్చాడు. ఎలక్ట్రీషియన్ పెద్దబాపు ఆ మాట కొట్టిపారేశాడు. “ఎర్తు లేదు బిడ్డా. ఎర్తు లేంది ఏదీ నడ్వది. గడ్డపార తే.”

పెరట్లో గొయ్యి మొదలైంది. నడుంలోతు దాకా తవ్వాక, ఉప్పూ బొగ్గూ పోయాలన్నాడు. బొగ్గుకేం కొదవ అని నేను లేవబోతే కూర్చోబెట్టాడు. రాక్షసిబొగ్గు పనికిరాదు, కట్టెబొగ్గే కావాలి. చుట్టూ బొగ్గుబాయిలు ఉన్న ఊళ్లో ఒక తట్టెడు బొగ్గు కోసం నేను తిరగని సందు లేదు. చివరికి ఇస్త్రీ బండాయన కాళ్లావేళ్లా పడితే, నా చొక్కాలు నెలంతా ఆయన దగ్గరే ఇస్త్రీ చేయించాలనే ఒప్పందం మీద ఇచ్చాడు. ఈలోగా గోడ మీంచి తొంగిచూసిన వాళ్ల సలహాలు సరేసరి. బోరా అని ఒకరు, సెప్టిక్ ట్యాంకా అని ఒకరు. “ఇంకో రెండు గజాలు తవ్వుతే బొగ్గు సీమ్ తగుల్తది” అని మరొకాయన. రాగితీగ దింపి, మట్టి కప్పి, నీళ్లు పోసి, పెద్దబాపు చేత్తోనే స్విచ్చు వేయించాను. ముస్తఫా వచ్చాడు. తన్నాడు. పోయాడు. “ఎర్తు మాత్రం ఫస్ట్‌క్లాస్ ఉంది” అన్నాడు పెద్దబాపు.

బాయిలో పైకప్పుకు కట్టె దిమ్మెలు ఆనించే పని చేసిన టింబర్‌మన్ కాక ఏమీ అనలేదు. ఆయనకు చెవులు సరిగా వినపడవు, మా వాదన చేరి ఉండదు. ఆన్ చెయ్యమని సైగ చేశాడు. నా పెన్సిల్ తీసుకుని, ఎడమచేతి వేలు ఒక చిప్పు మీద ఆనించి, పక్కన టక్‌మని కొట్టాడు. తర్వాత ఇంకో చిప్పు. బాయిలో పైకప్పును చూసే పద్ధతే అది. కట్టెతో తడితే గట్టి రాయి ఖంగుమంటుంది, విడిపోయిన పొర డొల్లగా పలుకుతుంది. చెవికి అందని తేడా ఆనించిన వేలికి అదురుగా తెలుస్తుంది. మూలనున్న, ఆట రాసిపెట్టిన ఒక ఈప్రామ్ చిప్పు మీద టక్‌మనగానే ముస్తఫా మాయం. మళ్లీ కొడితే మళ్లీ మాయం.

“గిదే. పట్టు ఇడ్సింది.”

ఊడదీసి చూస్తే కాళ్లు నల్లగా ఉన్నాయి. కొన్ని పాత చిప్పుల కాళ్లకు వెండిపూత ఉండేది. గాలిలో గంధకం తగిలితే ఆడపిల్లల పట్టీల్లాగే నల్లబడుతుంది. ఇంటింటా బొగ్గుపొయ్యి రాజుకున్న ఊరిది, గంధకానికి తిరగనక్కర్లేదు. కాళ్లు గీకి, సాకెట్ మార్చాను. ఎండ తగిలితే లోపల రాసింది చెరిగిపోతుంది గనక చిప్పు కిటికీ మీద కొత్త స్టిక్కరు అంటించాను.

1990ల మొదట్లో సింగరేణిలో కాకతో పాటు లక్షమందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు సుమారు 40 వేలు. కట్టె దిమ్మెల పని రూఫ్ బోల్టులకు పోయింది. ఓపెన్‌కాస్టులో తట్టి చూడ్డానికి కప్పే లేదు. కాక వేలికి తెలిసింది ఏ సర్వీసు పుస్తకంలోనూ ఎక్కలేదు. ఆయనా, మా బాపూ ఒకే బాయి, ఒకే షిఫ్టు. నేను రూపాయి అడిగితే బాపు తిట్టి మరీ ఇచ్చేవాడు. ఆ రూపాయి సంపాదించిన షిఫ్టులో ఆయన నెత్తిమీది కప్పును తట్టి చూసింది ఈ వేలే అయ్యుంటుంది. షాపులో బటన్లు బాదుతున్నప్పుడు నాకు అటువైపు ధ్యాసే లేదు. ఇప్పుడు చెబుదామంటే కాకకు వినపడదు, బాపు లేడు.

సరే, ముస్తఫా నిలబడ్డాడు. తంతున్నాడు, గూండాలు పడుతున్నారు. సౌండ్ మాత్రం రావట్లేదు. పెద్దబాపుకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. పెరట్లో ఇంకో గొయ్యికి జాగా లేదు.